క్యాసెట్‌లో గీసిన అగ్గిపుల్ల

సుందర్‌రాజ్ సిగరెట్ కాల్చడు. ఈ మాట అతను పెళ్ళిచూపుల్లో చెప్పాడు, సంఘంలో పాటల బృందంలో చేరినప్పుడు చెప్పాడు, డాక్టరు ఛాతీ మీద గొట్టం ఆనించి అడిగినప్పుడూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నిజమే చెబుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. జన్మలో ఒక్క సిగరెట్టయినా కొన్న పాపాన పోలేదు మరి. బతు బస్తీలో ఏ కొట్టువాణ్ణి అడిగినా సాక్ష్యం చెబుతాడు. ఇక శనివారం సాయంత్రం లంబాలైన్‌లో, గణేశ్వరరావు మేడ మీద, గణేశ్వరరావు పెట్టెలోంచి తీసి, గణేశ్వరరావు అగ్గిపుల్లతో ముట్టించుకునేది అంటారా, అది కాల్చడం కిందికి రాదు. అది స్నేహం.

ఆ స్నేహం మాత్రం చొక్కాకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. ఆదివారం పొద్దున్నే భార్య సంతోషకుమారి ఆ చొక్కాని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోకపట్టి ఎత్తినట్టు ఎత్తి, బకెట్‌లో వేసేది. ఒక్క మాట అనేది కాదు. తిట్టే ఆడదానికైనా జవాబు చెప్పొచ్చు గాని బకెట్‌కి ఏం చెబుతాడు? బైబిలు పట్టుకుని చర్చికి ముందు నడిచేవాడు.

అతను పుట్టింది బతు బస్తీలోనే. తండ్రి ఆశీర్వాదంగారు భీమిలి దగ్గర్నుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకి వచ్చి, చాతాం రంపపు మిల్లులో పనిచేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. కొడుకు ఫెర్రీ పడవలో ఇంజిన్ డ్రైవరయ్యాడు. రోజంతా చాతాం నుంచి అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌కీ, బంబూఫ్లాట్ నుంచి చాతాంకీ జనాన్నీ స్కూటర్లనీ అటూ ఇటూ దించడమే పని. ఇంజిన్ హోరులో మాట వినపడదు కాబట్టి అక్కడ పాడుకోవడానికి అడ్డు లేదు. అలా పాడి పాడి గొంతు పెంచుకున్నాడు.

ఆశీర్వాదంగారు ఆస్తి ఏమీ ఇవ్వలేదు గాని ఒక పాట ఇచ్చి వెళ్ళారు. ఆయన సొంతంగా కట్టుకున్న పునరుత్థానపు పాట. ఈస్టర్ నాడు తెలుగు సంఘం తెల్లవారకముందే సముద్రపు ఒడ్డుకు చేరుతుంది. చీకట్లో మొదటి చరణం మొదలవుతుంది. సూర్యుడు నీళ్ళలోంచి తల పైకెత్తే వేళకి మూడో చరణంలో పైస్వరం అందుకోవాలి. ఆశీర్వాదంగారు బతికున్నన్నాళ్ళూ ఆ స్వరమూ ఆ సూర్యుడూ జంటగా లేచేవి. ఆయన తరవాత ఆ మైకు కొడుకు చేతికి వచ్చింది.

కిందటి ఈస్టర్‌కి సూర్యుడు వేళకే వచ్చాడు. స్వరం రాలేదు. దాని బదులు దగ్గొచ్చింది, అదీ అలాంటిలాంటిది కాదు, వంగి మోకాళ్ళు పట్టుకునే దగ్గు. సంఘమంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించింది. ఈ ఏడు ఈస్టర్ ముందరి లెంటు ఉపవాసాలు మొదలయ్యాక పాస్టర్ అయ్యగారు అతన్ని పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా, ఈసారికి పాట అతని మేనల్లుడు షాలోమ్‌కి ఇద్దామా అని అడిగారు. సుందర్‌రాజ్ ఒక్కసారి అవకాశం ఇమ్మని బతిమాలుకున్నాడు.

"మళ్ళీ దగ్గితే మైకు నేనే వాడి చేతిలో పెట్టేస్తానండి అయ్యగారూ. మా నాన్న పాట మీద ఒట్టు."

పాట మీద ఒట్టేమిటని అయ్యగారు అడగలేదు. చొక్కా వైపు ఒకసారి చూసి, మంచిదన్నారు.

అంటే మేడ మీద స్నేహం మానుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కు. సిగరెట్ ఒక్కటీ మానడానికి అది విడిగా ఉంటే గదా. అది ఒక క్యాసెట్‌లో ఇరుక్కుని ఉంది.

గణేశ్వరరావు, ఉమేష్, సుందర్‌రాజ్ ముగ్గురూ బడిలో ఒకే బెంచీ. గణేశ్వరరావు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు, ఉమేష్ ఏసీలు బాగుచేస్తాడు. ముగ్గురికీ చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల పిచ్చి. జుట్టు పెంచుకుని, గిటార్లు విరగ్గొట్టి, లోకమంతా పేరు మోసిన ఆ మహానుభావుల ఆల్బమ్‌లు అప్పట్లో ద్వీపాలకి రావాలంటే ఓడలోనే రావాలి. ఉమేష్‌కి డ్రమ్ములు దంచే ఆల్బం గొప్ప. గణేశ్వరరావుకి గిటారు ఒక్కటే అన్నం ఉడికేంతసేపు సాగే ఆల్బం గొప్ప. ఈ తగువు వాళ్ళ పిల్లలకి పెళ్ళీడు వచ్చినా తెగలేదు. మాటలు సగం అర్థం కావు. అర్థంకాని సగమే గొప్పదని మాత్రం ముగ్గురూ ఒప్పుకుంటారు.

అయితే ముగ్గురూ తలవంచే క్యాసెట్ ఒకటుంది. గణేశ్వరరావు మేనమామ జోగులు ప్రయాణికుల ఓడలో వంటవాడుగా ఉన్న రోజుల్లో మద్రాసు నుంచి రికార్డు చేసి తెచ్చి ఇచ్చింది. అందులో మొదటివైపు మూడో పాట అయ్యాక కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఒక నిట్టూర్పు. చిన్న దగ్గు. ఆ వెంటనే నాలుగో పాట, గిటారు ఒక్కటే, మెల్లగా, సముద్రం వెనక్కి తగ్గినట్టు.

మొదటిసారి విన్నప్పుడు ముగ్గురికీ ఒళ్ళు గగుర్పొడిచింది. పాట పాడే దొర స్టూడియోలో సిగరెట్ ముట్టించుకున్నాడన్నమాట. దాన్ని కొయ్యకుండా అలాగే ఉంచారంటే ఎంత ధైర్యం, ఎంత కళ. గొప్పవాళ్ళ దగ్గు కూడా గొప్పదే. ఆ రోజే, ఆ చప్పుడు దగ్గరే, మీసాలు రాని ముగ్గురూ మొదటి సిగరెట్ ముట్టించారు. అప్పట్నుంచి అదే ఆచారం. దొర గీస్తాడు, వీళ్ళు గీస్తారు. దొర దగ్గుతాడు, వీళ్ళకి దగ్గు తనంతట తనే వస్తుంది. అంత భక్తిగా చర్చిలో రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గర కూడా సుందర్‌రాజ్ నిలబడి ఎరగడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి.

కాబట్టి అతను లంబాలైన్ వెళ్ళడమే మానేశాడు. మొదటి శనివారం ఉమేష్ ఫోన్ చేశాడు.

"క్యా భయ్యా, పరిశుద్ధుడివైపోనావంట? మాలాంటి పాపులికి ప్రార్థనైనా సేత్తావా, అదీ బందేనా?"

సుందర్‌రాజ్ ఫోన్ పెట్టేశాడు. లవంగాలు నములుతూ, ఇంట్లో ఫ్యాను తుడిచాడు. తుడిచిన ఫ్యానే మళ్ళీ తుడిచాడు. ఐదున్నరకే చీకటి పడే ఊరు, ఆ సాయంత్రాన్ని ఎలా గడపాలో తెలియలేదు. సిగరెట్ లేకపోయినా బతకొచ్చు గాని ఆ నాలుగో పాట లేకపోవడం ప్రాణం తీస్తోంది. సంతోషకుమారి బకెట్ పక్కన నిలబడి, ఉతకడానికి ఏమీ లేక, మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

రెండో శనివారం తండ్రి అవస్థ చూడలేక కూతురు క్యారొలిన్ ఒక ఉపాయం చెప్పింది. సముద్రం అడుగున కేబుల్ పడ్డాక నెట్ బాగానే వస్తోంది కదా, ఆ ఆల్బం ఫోనులోనే వినొచ్చు, క్యాసెట్ లేదు, మేడ లేదు, సిగరెట్టూ లేదు అంది. ఫోనులో సంగీతం వినేవాళ్ళని అంతవరకు మనుషుల్లో జమకట్టని సుందర్‌రాజ్, ఆకలికి రుచి తెలియదన్నట్టు, సరే పెట్టమన్నాడు.

మొదటి పాట నీళ్ళతో కడిగినట్టు తేటగా వచ్చింది. రెండోది ఇంకా తేటగా వచ్చింది. మూడోది అయిపోయింది. సుందర్‌రాజ్ కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు రెండూ తెలియకుండానే పెదాల దాకా లేచాయి. నాలుగో పాట మొదలైపోయింది.

"ఏదీ?" అన్నాడు.

"ఏది డాడీ?"

"అగ్గిపుల్ల."

ఆ పిల్లకి అర్థమయ్యేలోపే అతనే తేల్చేశాడు, ఇదంతా ప్రభుత్వం పనని. సినిమాలో ఎవడైనా బీడీ ముట్టిస్తే కింద హెచ్చరిక వేస్తున్నారు గదా, పాటలో అలా వెయ్యడానికి చోటు లేక మొత్తం కోసేశారు. క్యారొలిన్ నవ్వాపుకుని, ఆ ఆల్బం పాతదీ కొత్తదీ, వేదిక మీద పాడిందీ, దొరికినదల్లా పెట్టింది. ఎక్కడా అగ్గిపుల్ల లేదు. దగ్గూ లేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక సుందర్‌రాజ్ నేరుగా లంబాలైన్ వెళ్ళాడు. సంగతి చెబితే ఉమేష్ నవ్వాడు, గణేశ్వరరావుకి కోపం వచ్చింది. తన క్యాసెట్టే అసలుదని, ఫోనులోదే నకిలీ అని వాదించాడు. ఆ మాట మధ్యలో, పక్కనున్న ఎయిర్‌పోర్టుకి విమానం ఒకటి నెత్తి మీదుగా దిగింది, అది వెళ్ళేదాకా ముగ్గురూ నోళ్ళు మూసుకుని ఒకర్నొకరు గుర్రుగా చూసుకున్నారు. చివరికి రికార్డు చేసినవాణ్ణే అడుగుదామని రెండు బళ్ళ మీద తుష్నాబాద్ బయల్దేరారు.

జోగులు అక్కడ వక్కతోట వేసుకుని ఉంటున్నాడు. వెళ్ళేసరికి రాలిన కాయలు ఏరుతున్నాడు. ముగ్గురూ కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగారు, ఆ క్యాసెట్‌లో సిగరెట్ కాల్చింది ఎవరని. ముసలాయన గంప దించాడు.

"సిగరెట్టేట్రా? నాను జన్మలో కాల్చినేదు. మీ అత్త గడప తొక్కనిత్తాదేటి?"

"మరి అగ్గిపుల్ల ఎవరు గీసినారు మామా?" అన్నాడు గణేశ్వరరావు.

"ఓ, అదా. మద్రాసులో ఆ లాడ్జి నిండా దోమల్రా నాయినా. రెండు టేపురికార్డులూ ఎదురెదురుగా ఎట్టి, ఒకదాన్లో పాటెట్టి, ఒకదాన్లో రికాడింగు నొక్కి, ఊపిరి బిగబట్టి కూకున్నాను. దోమలు పీకేత్తన్నాయి. పాటకీ పాటకీ మజ్జిన సందు సూసి దోమల కాయిలు ఎలిగించినాను. పొగ ముక్కులోకెల్లి ఒక దగ్గొచ్చింది." ఆయన ముగ్గురి మొహాలూ చూసి, కొంచెం ముచ్చటగా అడిగాడు: "ఏం, బాగా పడిందేటి?"

అత్త వచ్చి టీ ఇచ్చింది. జోగులు మాత్రం ఆ దగ్గు ఒకసారి తనకి వినిపించమని పట్టుబట్టాడు.

తిరుగుదారిలో టీకొట్టు దగ్గర బళ్ళు ఆపారు. గణేశ్వరరావు అలవాటుగా పెట్టె తీశాడు, తీసి దాని వంక చూస్తూ ఉండిపోయాడు.

"అంటే ఇన్నేళ్ళూ దోమల కోసం కాల్చినామా?" అన్నాడు ఉమేష్.

గణేశ్వరరావు అప్పుడు మెల్లగా బయటపెట్టాడు, తనకి ఆ వాసన మొదట్నుంచీ పడదని, మీరిద్దరూ ఆశగా వస్తారని కొంటున్నానని. ఉమేష్ అదిరిపడి, నువ్వు అంత ప్రేమగా చాపితే కాదనలేక తీసుకుంటున్నానన్నాడు. ఇద్దరూ సుందర్‌రాజ్ వైపు తిరిగారు. తిలాపాపం తలాపిడికెడు, తన పిడికెడు తను ఒప్పుకోక తప్పదు. కాని అతనికి నిజంగానే ఇష్టం. అయినా తనకీ ఇష్టం లేదనే అన్నాడు. సిగరెట్ కాల్చనని చెప్పినన్నాళ్ళూ నిజమనుకున్నవాడు, మానేస్తున్న రోజున మాత్రం తెలిసి అబద్ధమాడాడు.

తరవాతి శనివారం మేడ మీద మళ్ళీ అదే క్యాసెట్. ఫోనులో పాట ఎంత తేటగా ఉన్నా, ఆ దగ్గు లేకపోతే నాలుగో పాట తలుపు కొట్టకుండా ఇంట్లోకి దూరినట్టుందని ముగ్గురూ అనుకున్నారు. క్యాసెట్‌లో జోగులు అగ్గిపుల్ల గీశాడు. మూడు చేతులూ లేచాయి. గణేశ్వరరావు లేచి వెళ్ళి, మేడ చివర, గాలివాలుకి అవతల, దోమల కాయిల్ వెలిగించి వచ్చాడు. సుందర్‌రాజ్ నోట్లో నీళ్ళూరాయి. లవంగం కొరికాడు. నరకం ఎలా ఉంటుందో ఆ ఒక్క పాటసేపు తెలిసింది. మరుసటి శనివారం కాస్త తక్కువ తెలిసింది.

ఆదివారం పొద్దున సంతోషకుమారి చొక్కా ఎత్తి వాసన చూసి, ఇన్నేళ్ళకి మొదటిసారి నోరు విప్పింది.

"ఇదేటండీ, దోమల్ని కూడా స్నేహితుల్ని చేసుకున్నారా?"

ఈస్టర్ నాటి చీకట్లో సంఘం ఒడ్డుకు చేరింది. ఉమేష్, గణేశ్వరరావు ఎప్పుడూ రానివాళ్ళు, ఆ రోజు చెప్పులు చేత్తో పట్టుకుని అందరికన్నా వెనక నిలబడ్డారు. షాలోమ్ కీబోర్డు దగ్గరున్నాడు. మైకు సుందర్‌రాజ్ చేతిలో ఉంది. మొదటి చరణం నడిచింది. రెండోది నడిచింది. మూడో చరణానికి ముందు ఊపిరి తీసుకోవడానికి ఒక సందు ఉంటుంది. అక్కడ అతనికి గొంతులో ఆ పాత దురద మొదలైంది. సముద్రం మీద వెలుతురు వచ్చేస్తోంది. ఎదురుగా అయ్యగారు కళ్ళు మూసుకున్నారు, కిందటేటి లాగే.

అప్పుడు వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఒక్కటే. అచ్చం ఆ క్యాసెట్‌లో దగ్గు.

చలిగాలికి వచ్చిందని గణేశ్వరరావు తరవాత ప్రమాణం చేశాడు. కావచ్చు. సుందర్‌రాజ్ ఒంటికి ఆ తేడా తెలియదు. ఇన్నేళ్ళుగా దానికి తెలిసింది ఒక్కటే, ఆ దగ్గు వెనకే పాట వస్తుందని. దురద సంగతి మరిచిపోయి గొంతు తనంతట తనే లేచింది. పైస్వరం తండ్రిదంత నిండుగా రాలేదు, అంచు దగ్గర కొద్దిగా బీటతో వచ్చింది. అయినా తెగలేదు. సూర్యుడు నీళ్ళలోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా నిలిచింది. అయ్యగారు కళ్ళు తెరిచారు.

క్యారొలిన్ ఆ పాటంతా ఫోనులో రికార్డు చేసింది. ఇంటికొచ్చి వింటే మూడో చరణం ముందు గణేశ్వరరావు దగ్గు స్పష్టంగా పడి ఉంది. తీసెయ్యనా డాడీ, ఒక్క నిమిషం పని అంది.

"ఉండనీ," అన్నాడు సుందర్‌రాజ్.

ఆ పాట వాట్సాప్‌లో చేతులు మారి ఇంకో ద్వీపంలో ఉన్న హట్‌బే దాకా వెళ్ళింది. అక్కడి తెలుగు సంఘంలో ఒకాయన దాన్ని విని విని నేర్చుకుని, ఈ మధ్య భలే పాడుతున్నాడట. మూడో చరణం ఎత్తుకునే ముందు మాత్రం, ఎందుకో తెలియదు గాని, ఎంతో భక్తిగా ఒక్కసారి దగ్గుతాడట.