నయమైనవాళ్ల పట్టిక

గోదావరిఖనిలో ఎవరికైనా జ్వరం తగ్గిందో లేదో తెలియాలంటే ఆ రోజుల్లో వాళ్ల ఇంటి ముందు నుంచి ఒకసారి నడిస్తే సరిపోయేది. లోపల తిట్లు వినిపిస్తే తగ్గినట్టు. అలాంటి కాలంలో, రోగం తగ్గిన సంగతి గ్రాఫు కాగితం మీదే తేలాలని నమ్మిన మేధావులు ఆ ఊళ్లో ఇద్దరుండేవారు. ఒకరు మా డాక్టరుగారు. రెండో మేధావిని నేను.

డెబ్బైల మొదట్లో మాట. నాకు ఇరవై ఏళ్లు. మెట్రిక్ ప్యాసై, టైపు లోయరు కూడా ప్యాసై, ఈ రెండూ కలిసి నన్ను ఏదో ఒక ఆఫీసులో పెద్ద కుర్చీ ఎక్కిస్తాయని ఎదురుచూస్తున్నాను. అప్పుడే హైదరాబాదు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి, బజారు వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని సొంత దవాఖాన తెరిచాడు. చీటీలు రాసే మనిషి కావాలంటే మా చర్చి పెద్ద ఒకాయన నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. డాక్టరుగారికి వైద్యం మీద ఎంత ప్రేమో లెక్కల మీద అంతకు రెండింతలు. "రోజుకు ఎందరొచ్చారు, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పట్టింది, రాబడెంత, మందుల ఖర్చెంత, ఎందరికి నయమైంది? ఇవి తెలియకుండా దవాఖాన నడపడమంటే కళ్లు మూసుకుని సైకిలు తొక్కడమేనమ్మా" అనేవాడు. నిమిషాలు కొలవడానికి నేను మా ఇంటి అలారం గడియారం తీసుకెళ్లాను. ఒకరోజు లోపల రోగి నాలుక చాపి కూర్చుని ఉండగా అది గణగణా మోగింది. పాపం, ఆయన నైట్ షిఫ్టులు చేసి చేసి అలిసిన మనిషి. డ్యూటీకి టైమయిందనుకున్నాడేమో, చాపిన నాలుకతోనే లేచి బయటికి నడిచాడు. (ఆయన పేరు ఎదురుగా 'రెండు నిమిషాలు' అని రాశాను. ఆ వారం సగటు చాలా బాగా వచ్చింది.)

మిగతా లెక్కలన్నీ కుదిరాయి గానీ, ఎందరికి నయమైందన్న దగ్గర చిక్కొచ్చింది. ఒళ్లు బాగా లేనివాడు వచ్చి చెబుతాడు. బాగైనవాడు పనిగట్టుకుని వచ్చి ఎందుకు చెబుతాడు? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని నేనే ఒక నియమం కనిపెట్టాను. ఎనిమిది రోజులపాటు మనిషి మళ్లీ రాకపోతే నయమైనట్టు. డాక్టరుగారు బల్ల చరిచి మెచ్చుకున్నాడు. దాంతో నా పట్టికలో జనం టపటపా బాగైపోసాగారు. మందు సీసా తీసుకుని బెల్లంపల్లి పుట్టింటికి వెళ్లినావిడకు నయం. సీసా దారిలో పగిలి, సిగ్గుపడి మళ్లీ రానివాడికి నయం. డాక్టరుతో పోట్లాడి, "నీ దవాఖాన గడప తొక్కితె నన్ను చెప్పుతోటి కొట్టు" అని అరిచి వెళ్లిన ఫిట్టరుకు కూడా ఎనిమిదో రోజున నయమే. వచ్చినవాళ్లలో నయమైనవాళ్లెందరో లెక్కగట్టి గోడ మీది గ్రాఫులో వారం వారం గీత గీసేదాన్ని. డాక్టరుగారు పైన ఒక చోట ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, "క్రిస్మస్‌లోపు గీత ఇక్కడికి చేరితే నీ జీతం పది రూపాయలు పెంచుతాను" అన్నాడు.

ఆ గీతకు అడ్డం పడ్డవాడు సలాం కాక. డాక్టరుకు, కాంపౌండరుకు, నాకు, చివరికి బరువు తూచే మిషనుకు కూడా సలాం చేసి లోపలికి వచ్చేవాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. రైలు సైడింగులో వ్యాగన్లకు బొగ్గు నింపే కంట్రాక్టు కూలీ. కంట్రాక్టు మనిషి కాబట్టి గనుల కంపెనీ దవాఖానలో ఆయనను చూడరు. ఆయనకు టీబీ. వరసగా తొంభై రోజులు సూది వేయించుకోవాలి. మొదటిరోజే డాక్టరుగారు నా ఎదుటే గట్టిగా చెప్పాడు: "ఒక్కరోజు కూడా మానొద్దు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడుతుంది. అప్పుడు ఈ సూది కూడా పనిచెయ్యదు." కాక చెప్పినట్టే రోజూ వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నా పట్టికలో నయంకానివాళ్ల లెక్క ఒకటి పెరిగేది. ఒకనాడు ఉండబట్టలేక అన్నాను.

"కాకా, నువ్వొక్కనివే నా గీతను కిందికి గుంజుతున్నవు."

"నేనేం చేసిన బిడ్డా?"

"రోజూ వస్తున్నవు గద. గా ఎర్ర గుర్తు కాడికి గీత పోతె నాకు పది రూపాయలు పెరుగుతయి. నువ్వు వచ్చినన్ని రోజులు అది లేవదు."

నవ్వుతూనే అన్నాను. ఆయనా నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని దగ్గుతూ నవ్వాడు. గ్రాఫు ముందు కాసేపు నిలబడి, "గంతేనా" అన్నాడు. నాకూ గ్రాఫుకూ సలాం చేసి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. మూడో రోజున నాకొకసారి గుర్తొచ్చాడు. ఊరికి పోయి ఉంటాడులే అనుకున్నాను. ఎనిమిదో రోజున నియమం ప్రకారం 'నయం' అని రాశాను, గుండ్రటి అక్షరాలతో. "ఆ ముసలాయన సూదులు పూర్తయ్యాయా?" అని డాక్టరుగారు అడిగితే పట్టిక చూసి, "నయమైంది సార్" అన్నాను. ఆ మాట అన్నప్పటి నా గొంతు నాకిప్పటికీ వినబడుతుంది, ఎంత ధీమాగా ఉందో. క్రిస్మస్‌కు వారం ముందే గీత ఎర్ర గుర్తును ముట్టింది. జీతం పెరిగింది.

పండగ మర్నాడు మిఠాయి పొట్లంతోపాటు రిజిస్టరు కూడా ఇంటికి తీసుకెళ్లి బాపుకు చూపించాను. బాపు గని దగ్గర ల్యాంపు రూములో పనిచేసేవాడు. దిగేవాళ్లకు నంబరు చూసి దీపాలివ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని కొక్కేలకు తగిలించడం ఆయన పని. పేజీలు తిప్పి చూసి, "ఇంత మందికి నయమైందా! ఎట్ల తెలిసింది?" అన్నాడు.

"మళ్ళ రాలేదు గద బాపూ."

మిఠాయి ముక్క నోటిదాకా తీసుకెళ్లిన చెయ్యి ఆగింది. "మా తాన షిఫ్టు ఇడిసినంక ల్యాంపు మళ్ళ రాలేదంటె మనిషి లోపల్నే ఉండిపోయిండన్నట్టు బిడ్డా. ఎంటనే ఎతుక్కుంట ఉరుకుతం. మీ తాన నయమైందని రాసుకుంటరా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, డాక్టర్ల పద్ధతి తెలుసుకుందామని నిజంగానే అడిగాడు. నేను రిజిస్టరు లాక్కుని సలాం కాక పేరు వెతికాను. కాక ఎన్ని సూదులు వేయించుకున్నాడో లెక్కపెట్టాను. అరవై రెండు.

తెల్లారి బాపు సైకిలు మీద సైడింగు పక్కనున్న ఆయన గుడిసెకు వెళ్లాం. కాక భార్య చిన్నమ్మ మమ్మల్ని చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది. "సూదికి పో పో అని ఎంత మొత్తుకున్ననో. ఆ పిల్లకు జీతం పెరిగేది ఉంది, పండుగ ఎల్లినంక పోత అన్నడు" అంది. మంచంలో కాక సగమయ్యాడు. నన్ను చూసి పడుకునే సలాం చేశాడు.

"గీత లేసిందా బిడ్డా?"

"లేసింది కాకా."

"ఎర్ర గుర్తు ముట్టిందా?"

"ముట్టింది."

"గట్లయితె ఇగ నేను రావచ్చు గద" అన్నాడు.

నేను ఆ మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు.

డాక్టరుగారు ఆ పూటే వచ్చాడు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, పైసా తీసుకోకుండా రోజూ గుడిసెకే వచ్చి సూది వేశాడు. పెరిగిన నా పది రూపాయలు కాకకు పాలకూ గుడ్లకూ పోయాయి. ఏదీ ఆయన్ను నిలబెట్టలేదు. ఉగాదికి ముందే కాక పోయాడు. డాక్టరుగారు గోడ మీది గ్రాఫులు చింపేసి, "నియమం పెట్టింది నువ్వే, కానీ బల్ల చరిచింది నేను" అన్నాడు. పట్టికలో కాక పేరు ఎదురుగా ఉన్న 'నయం' కొట్టేయడానికి నాకు చెయ్యి రాకపోతే ఆ పని ఆయనే చేశాడు.

తరువాత రెండేళ్లపాటు ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా, మళ్లీ రానివాళ్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. చేతిలో రిజిస్టరు చూసి చాలామంది బాకీ వసూలుకు వచ్చాననుకుని వెనక గుమ్మంలోంచి జారుకునేవారు. ఫిట్టరైతే నన్ను చూసి, "ఇంటిదాక తరుముకొచ్చిండ్రా!" అని నెత్తి పట్టుకున్నాడు. (ఆయనకు నిజంగానే నయమైంది. తిట్లు చాలా ఆరోగ్యంగా ఉన్నాయి.)

ఇప్పుడు నాకు షుగరు. మొన్న మంచిర్యాలలో చూపించుకుని వస్తుంటే కౌంటరు దగ్గరి పిల్ల ఫోను ముందుకు చాపి, "ఆంటీ, మాకు ఐదు స్టార్లు ఇయ్యరా? ఈ నెల మావి తక్కువున్నయి, మేడం కోపం చేస్తున్నది" అంది. ఐదూ ఇచ్చాను. ఇచ్చి, "వచ్చే నెల మొదటి సోమవారం నేను రావాలె బిడ్డా. రాకపోతె ఒక్క ఫోను కొట్టు" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ఎందుకు రారు ఆంటీ, మంచిగనే ఉన్నరు గద" అంది. నేనూ నవ్వాను. అయినా నా నంబరు ఇంకోసారి చెప్పి, ఆమె రాసుకునేదాకా అక్కడే నిలబడ్డాను.