శుక్రవారం ఎక్కిన వెడల్పు టైర్లు

మా ఆయన ప్రభుదాస్‌కు కుళ్లు ఎక్కువ. కట్టుకున్నదాన్ని, నేనే చెబుతున్నాను. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద ఇరవై ఆరేళ్లుగా టైర్ల పని చేస్తున్నాడు. పక్కనే నా టీ బంకు. లారీ అయినా ట్రాక్టరు అయినా చక్రం చూసి రోగం చెప్పేస్తాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న నాగులు ఎదురుగా అద్దాల తలుపుల షాపు పెట్టాక మాత్రం ఆ కళ్లు ఎప్పుడూ రోడ్డుకు అవతలే.

మొన్న శుక్రవారం పలకల ఫ్యాక్టరీ రాజేష్ తన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు, నలభై ఏళ్లనాటి బండి. వెడల్పు టైర్లు వేయించాలట. మా షాపు దాటుకుని పోయి నాగులు దగ్గర ఆగింది. అలాంటి బండి మీద ఒక్కసారి చెయ్యి వేయాలని మా ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. నాకూ కడుపు మండింది.

పదింటికల్లా టైర్లు ఎక్కాయి. రాహుకాలం పోయేదాకా కదలకూడదని పన్నెండు వరకు బండిని అక్కడే నిలిపారు. నేను టీ ఇస్తే మా ఆయన తాగలేదు.

"ముందు చక్రాలు చూడు. స్టీరింగ్ మొత్తం తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాయి. ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినాడంటే టైరు కోసుకపోతది."

"పోయి చెప్పొచ్చు గదా?"

"నన్నడిగినారా ఏంది? వానికే తెలియాల."

నేను మళ్లీ అనలేదు. నాగులు పరువు పోతే చూడాలని నాకూ ఉంది.

పన్నెండు దాటాక నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. బండి తిన్నగా రెండడుగులు కదిలింది, కాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. స్టీరింగ్ తిప్పి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. రాజేష్ భార్య పద్మజ ఎక్కి కూర్చుంది. గిద్దలూరు మీదుగా ఘాట్ రోడ్డు దాటి నంద్యాల పోతున్నారు.

అప్పుడు లేచాడు మా ఆయన. "రాజేష్ బాబూ, ఆపు!" అంటూ రోడ్డు మీదికి ఉరికాడు. "స్టీరింగ్ మొత్తం తిప్పి కొంచెం కదిలించు."

తిప్పాడు. రబ్బరు రేకుకు రాసుకుని కీచుమంది. నాగులు ముఖం మాడిపోయింది.

"ఎప్పుడు చూసినావన్నా?" అన్నాడు మెల్లగా.

"నువ్వు టైర్లు ఎక్కిచ్చినప్పుడే!" అన్నాడు మా ఆయన, గొప్పగా.

పద్మజ కారు దిగింది. నాగులును ఒక్క మాట అనలేదు. మా ఆయన వైపే చూసింది.

"అయితే ఇంతసేపూ చూస్తా కూర్చున్నావా అన్నా?"

నేను గ్లాసులు కడుగుతూ తల వంచుకున్నాను, ఆమె నన్ను కూడా అడుగుతుందేమోనని.