వాతావరణం బాబాయ్ ఓటమి నివేదికలు

మా బాబాయ్ లెక్క ప్రకారం లోకంలో తప్పు చేసే మనిషంటూ లేడు. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా దానికి కారణం వాతావరణమే.

ఆయన నాకు సొంత బాబాయ్ ఏమీ కాదు. మా పార్టీ జిల్లా ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా రాతకోతలన్నీ ఆయనవే. అధ్యక్షుడి దగ్గర్నుంచి డ్రైవరు దాకా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. వెనకాల వాతావరణం బాబాయ్ అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, పైగా సంతోషం కూడా.

నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన మొదటి రోజే, మంత్రిగారికి పంపాల్సిన ఉత్తరం మీద టీ ఒలకబోశాను. ఉద్యోగం ఒక పూటతో సరి అనుకుని బిక్కచచ్చిపోయాను. బాబాయ్ వచ్చి కాగితాన్ని వేలితో ఎత్తి చూశారు.

"ఉక్కపోతమ్మాయ్. చెమటకి కప్పు చెవి జారుతుంది" అన్నారు.

"చలికాలం కదండీ ఇది?"

"ఆ, అదే నేననేది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఇంకోటి కొట్టు."

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి ఏవో కాగితాల కోసం వాళ్లింటికి వెళితే పిన్ని, అంటే ఆయన భార్య, నన్ను వంటగదిలో కూర్చోబెట్టి గోడు వెళ్లబోసుకుంది. "పెళ్లయి నలభై రెండేళ్లు. ఒక్కసారి 'తప్పు నీదే' అంటే, తిరిగి నాలుగు అందామని కాచుకుని కూర్చున్నా. అనరే! నిన్న కూర బొగ్గయిపోయింది. 'ఈదురుగాలికి మంట ఎగసి ఉంటుందిలే' అని పెరుగు కలుపుకుని తినేశారు. నువ్వే చూడు, ఈ వంటగదికి కిటికీ ఉందా?"

చూశాను. లేదు.

ఇలాంటి మనిషికి మా పార్టీ అప్పగించిన పని ఏమిటంటే, ఎన్నికల్లో ఓడినప్పుడు ఎందుకు ఓడామో నివేదిక రాయడం. మామూలుగా అయిదేళ్లకోసారి వచ్చే పని. కానీ మేం అధికారంలోకి వచ్చాక మా జిల్లాకి ఏ దిష్టి తగిలిందో, నాలుగేళ్లలో నాలుగు ఉప ఎన్నికలు వచ్చాయి. ఇద్దరు ఎమ్మెల్యేలు కన్నుమూశారు, ఒకాయన పార్టీ మారి రాజీనామా చేశాడు, ఇంకొకాయన ఎన్నిక చెల్లదని కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మాది, పోలింగ్ కేంద్రాల ముందు టెంట్లు మావి, హడావిడంతా మాది. అయినా మొదటి మూడూ వరసగా ఓడాం.

మూడుసార్లూ నివేదిక బాబాయే రాశారు, నేనే టైపు చేశాను. మొదటిదానికి వడగాలులు, రెండోదానికి అకాల వర్షం, మూడోదానికి పొగమంచు. పై ఆఫీసు వాళ్లు వాటిని చదివి నవ్వుకునేవాళ్లట. నాలుగోది కూడా పోయాక నవ్వడం మానేశారు. అసలు ఎన్నికలు ఇంకో ఏడాదే ఉన్నాయి మరి.

ఆ వారమంతా ఆఫీసులో ఒకటే చర్చ.

"ఉప ఎన్నికలేగా! ఊరికే మొట్టికాయ వేస్తారు జనం. అసలు ఎన్నికలకి మళ్లీ మన దగ్గరికే వస్తారు" అనేవారు అధ్యక్షుడు గారు.

"నాలుగు మొట్టికాయలకి బుర్ర బొప్పికట్టిందండీ. ప్రభుత్వం పోయినట్టే. నేను మా బావమరిది షాపులో కూర్చుంటా" అనేవాడు ప్రచార కార్యదర్శి. ఆ మనిషికి గొంతు తగ్గించి మాట్లాడటం రాదు. గుసగుస చెప్పినా పక్క వీధికి వినిపిస్తుంది.

నేను మాత్రం నోరు విప్పలేదు. ఎందుకంటే నాలుగో ఓటమికి కారణం నాకు తెలుసు. నేనే.

ఓటర్లకి ఇంటింటికీ చీటీలు పంచుతాం. నీ పేరు ఫలానా నంబరు, నీ పోలింగ్ కేంద్రం ఫలానా చోట అని అందులో ఉంటుంది. రైల్వే గేటు అవతల నాలుగు వీధులకి అంతకుముందు పాత హైస్కూలే పోలింగ్ కేంద్రం. ఈసారి దాన్ని మార్కెట్ పక్కనున్న హాలుకి మార్చారు. కొత్త జాబితా నా బల్ల మీదే ఉంది. నేను కంప్యూటర్లో పాతది తెరిచి, ఆరువందల నలభై చీటీలు టకటకా అచ్చు వేసేశాను. వాటి మీద బాణం గుర్తు కూడా వేయించాను, జనం దారి తప్పకుండా.

ఆ వీధులన్నీ మా పార్టీకి పెట్టని కోటలు. వాళ్లు మిట్టమధ్యాహ్నం హైస్కూలుకి వెళ్లారు. తలుపుకి తాళం. మార్కెట్‌కి అక్కడినుంచి కిలోమీటరున్నర. కొందరు నడిచారు, చాలామంది ఇంటికి పోయి పడుకున్నారు. మేం నూట ఎనభై మూడు ఓట్లతో ఓడాం.

మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి అప్పటికి ఏడు నెలలు. ఇంట్లో నలుగురం, జీతం నాదొక్కటే. రెండు రోజులు మింగలేక కక్కలేక ఉండి, మూడో రోజు బాబాయ్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆయన అంతా విన్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి మెడ ఎత్తి చూశారు.

"నెల రోజులుగా మబ్బు తునక లేదమ్మాయ్" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మీ మబ్బులు మండిపోనూ! నా వల్ల ఎన్నిక పోయిందని చెప్తున్నా బాబాయ్!"

"విన్నాను. నాకు చెప్పావుగా, ఇక చాలు. రేపటినుంచి కొత్త జాబితా, పాత జాబితా పక్కపక్కన పెట్టుకో. జిల్లాలో రెండొందల పన్నెండు పోలింగ్ కేంద్రాలు. ఒక్కొక్కటీ వెళ్లి తలుపు ముట్టుకుని రా. కంప్యూటర్లో చూసి కాదు."

"నన్ను ఉంచుతారా బాబాయ్?"

"ఎండ ఎక్కువగా ఉంది, గొడుగు తీసుకెళ్లు."

మర్నాడే పై ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. అధ్యక్షుడు గారు అందరినీ పిలిచి చదివారు. ఈసారి వాతావరణ సూచనలు వద్దు, ఓటమికి బాధ్యులైన మనిషి పేరు కావాలి, ఆ మనిషి ఇకమీదట ఆఫీసు మెట్లెక్కకూడదు. ఇదీ సారాంశం. గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"పేరు రాశారా బాబాయ్?" అన్నారు అధ్యక్షుడు గారు.

బాబాయ్ కాగితం అందించారు. అధ్యక్షుడు గారు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"కారణం, వర్షాభావం. ఏంటిది? వాన పడితే వానన్నారు. ఇప్పుడు పడకపోవడం కూడా కారణమేనా?"

"అదే పెద్ద కారణమండీ. వాన పడుంటే మబ్బుండేది. మబ్బుంటే ఎండుండేది కాదు. ఎండ లేకపోతే జనానికి ఓపికుండేది. ఓపికుంటే ఓటుండేది."

"బాబాయ్, మీకు దణ్ణం పెడతా. పై వాళ్లు నా తాట తీస్తారు. ఒక్క పేరు. ఒక్కటంటే ఒక్కటి!"

"మనుషుల పేర్లు నాకు సరిగా గుర్తుండవండీ" అన్నారు బాబాయ్. జిల్లాలో ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో, ఎవరికి ఎన్నో ఏట పళ్లు ఊడాయో చెప్పగల మనిషి ఆయన.

అధ్యక్షుడు గారికి కోపం నషాళానికంటింది. "అమ్మాయ్, ఆ పాత నివేదికలు తియ్యి. పైకి చదువు. ఎన్నాళ్లనుంచి మనల్ని ఆడిస్తున్నాడో అందరూ వినండి!"

ఫైలు తీసి మొదటిది చదివాను. "తీవ్రమైన వడగాలుల కారణంగా, ముఖ్యంగా కాలేజీ వీధిలో, మన ఓటర్లు బయటికి రాలేదు."

ఎవరో నవ్వారు. ప్రచార కార్యదర్శి మాత్రం నవ్వలేదు. చెవి గోక్కుంటున్నవాడు చెయ్యి దించేశాడు. కాలేజీ వీధిలో పిల్లలు పరీక్షలకి చదువుకుంటుంటే, వారం రోజులు తెల్లవారుజామున అయిదింటికే మైకు పెట్టించింది తనే.

రెండోది చదివాను. "అకాల వర్షానికి దారులు కనపడక, అభ్యర్థి ప్రచారం చివరి రోజు దెబ్బతింది." ఈసారి డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజు అభ్యర్థిని కారెక్కించుకుని, గీత దాటి పక్క నియోజకవర్గంలోకి తీసుకెళ్లి, రెండు గంటలపాటు అక్కడి జనం చేత దండలు వేయించింది అతనే. వాళ్లెవరికీ ఆ ఎన్నికలో ఓటు లేదు. దండలు మాత్రం చాలా బావున్నాయని అభ్యర్థి మురిసిపోయాడు కూడా.

మూడోది చేతిలోకి తీసుకుని, ముందు మనసులో చదువుకుని, అధ్యక్షుడు గారి వైపు చూశాను.

"చదవమ్మా!" అన్నారు అధ్యక్షుడు గారు.

"దట్టమైన పొగమంచు వల్ల, కుళాయిల కాలనీలో మన ఉద్దేశం ఓటర్లకి సరిగా కనిపించలేదు."

కుళాయిల కాలనీ సభలో ఒకావిడ లేచి, మా వీధికి నీళ్లు రావట్లేదని అడిగింది. వేదిక మీదున్న పెద్దమనిషి, "నాలుగడుగులు నడిచి తెచ్చుకుంటే ఒంటికి మంచిదేగా అమ్మా" అన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆ పెద్దమనిషి మా అధ్యక్షుడు గారే.

ఆయన కుర్చీలో కాస్త సర్దుకున్నారు. నేను ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను. "అయ్యా, ఈసారి మటుకు..."

"అమ్మాయ్, కూర్చో. ఈ ఉక్కకి కళ్లు తిరుగుతాయి" అన్నారు బాబాయ్. ఎప్పుడూ గొంతెత్తని మనిషి గట్టిగా అనేసరికి కూర్చున్నాను.

తర్వాత ఆయన అధ్యక్షుడు గారి వైపు తిరిగారు. "అయ్యా, నాలుగు ఎన్నికలు పోయాయని ప్రభుత్వం పోతుందా అంటే, నాకు తెలీదు. జనం ఇంకా పొమ్మనలేదు. గట్టిగా పిలిచి చూస్తున్నారు, పలుకుతామా లేదా అని. పలకాలంటే ఇక్కడ మనుషులుండాలి కదా? ఓడినప్పుడల్లా ఒకణ్ణి గెంటుకుంటూ పోతే అసలు ఎన్నికలనాటికి ఈ గదిలో కుర్చీలే మిగుల్తాయి. తిట్లన్నీ వానకి పడనివ్వండి. దానికి పోయే ఉద్యోగం లేదు."

అధ్యక్షుడు గారు బాబాయ్ ఇచ్చిన కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"ఆ రోజు మబ్బు బొత్తిగా లేదంటారా?" అన్నారు చివరికి.

"తునక లేదండి."

"అయితే... అలాగే పంపించు అమ్మాయ్."

పై ఆఫీసు వాళ్లు బాబాయ్‌ని తిట్టిపోస్తూ మూడు పేజీలు రాశారు. ఆయన దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాదిలో అధ్యక్షుడు గారు కుళాయిల కాలనీకి ఎన్నిసార్లు వెళ్లారంటే, అక్కడి ఆడవాళ్లు "వచ్చాడమ్మా నీళ్లాయన" అనడం మొదలుపెట్టారు. నీళ్లు కూడా వచ్చాయి. డ్రైవరు నియోజకవర్గాల హద్దులు బట్టీపట్టాడు. ప్రచార కార్యదర్శి తొమ్మిది కొట్టేదాకా మైకు ముట్టుకోలేదు. నేను రెండొందల పన్నెండు తలుపులూ ముట్టుకుని వచ్చాను. నూట ముప్ఫయ్యో దాని దగ్గర కుక్క తరిమింది, అయినా ముట్టుకున్నాను.

అసలు ఎన్నికల్లో ప్రభుత్వం పోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. పక్క జిల్లాలో ఒక్కో ఉప ఎన్నికకి ఇద్దరేసి చొప్పున గెంటేసుకుంటూ వచ్చారు. ఆఖరికి పోలింగ్ కేంద్రాల ముందు బల్లలు వేశారు గానీ, వాటి వెనక కూర్చునే దిక్కు లేదు. అక్కడ ఊడ్చుకుపోయింది. మా జిల్లాలో ఏడు సీట్లకి అయిదు గెలిచాం. ఓడిన పార్టీలో గెలిచిన జిల్లా ఇదొక్కటే.

ఇదెలా జరిగిందో రాసి పంపమని పై ఆఫీసువాళ్లు మళ్లీ ఉత్తరం రాశారు, ఈసారి 'గారు' తగిలించి మరీ. బాబాయ్ రెండు రోజులు కూర్చుని రాసి నాకిచ్చారు. వాతావరణం ఎక్కడా లేదు. అన్నీ పేర్లే, నలభై ఏడు. కుర్చీలు ఇచ్చినావిడ, టీ కొట్టాయన, డ్రైవరు, ప్రచార కార్యదర్శి, అధ్యక్షుడు గారు. మూడో పేరు నాది. "ఒక్క చీటీ కూడా తప్పు పోనివ్వలేదు" అని పక్కన రాసి ఉంది. చదువుతూ ఏడ్చాను, సిగ్గేముంది.

"బాబాయ్, పోలింగ్ రోజు మబ్బు పట్టి ఎంత చల్లగా ఉంది! అది రాయలేదేం?"

"చల్లగా ఉందా?" అన్నారాయన. "గమనించనే లేదమ్మాయ్. పేర్లు మాత్రం తప్పుల్లేకుండా కొట్టు."

కొట్టాను. సంతకానికి తీసుకెళితే, చివరి పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"నేను నలభై ఏడే రాశానే. ఈ నలభై ఎనిమిదో పేరు నాది ఎలా వచ్చింది?"

"గాలి బాబాయ్. విపరీతమైన గాలి. వేళ్లు పక్క మీటల మీదికి జారిపోతున్నాయి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా ఉన్న చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు.

"నిజమే, ఇవాళ గాలి ఎక్కువే" అని సంతకం పెట్టేశారు.