తల మేలే అన్నారట

దవాఖాన అనుభవాలు రాయమంటే డాక్టర్లను అడుగుతారు, నర్సులను అడుగుతారు, ఒక్కోసారి మందులిచ్చే కిటికీ వెనక మనిషిని కూడా అడుగుతారు. బండి తోలేవాణ్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు కూడా ఎవరో అడిగితే రాస్తున్నది కాదు. లలిత బిడ్డ సంగతి మా దవాఖానలో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. ఒక్కరు చెప్పినదాంట్లోనూ నేను లేను. అందుకే రాస్తున్నాను. నా పేరు వీరేశం.

2022, పత్తి ఏరే రోజులు. గర్భిణులను ఊళ్ల నుంచి నారాయణఖేడ్‌కు చెకప్ కోసం తెచ్చి, మళ్లీ ఇంటి ముందు దింపే సర్కారు బండి నాది. నాది అంటే నేను తోలేది. తేవడాన్ని పికప్ అంటాం, దింపడాన్ని డ్రాప్ అంటాం. మనూర్ వైపు ఊళ్లు నాకు పడ్డాయి. ఈ పనికి రాకముందు చాలా ఏళ్లు లారీ తోలాను, మైసూరు దాకా పోయేవాణ్ని. లారీ సంగతి ఇక్కడెందుకని అనుకోవద్దు, దానితో పని పడుతుంది.

లలితది మనూర్ దగ్గరి ఊరు. తొలి కాన్పు. భర్త అశోక్ కందులు, పెసలు పండించి బీదర్ మార్కెట్‌లో అమ్ముకునేవాడు. బండి వెనక కూర్చుంటే ఆమెకు కడుపులో తిప్పేది, అందుకని ముందు సీట్లో నా పక్కన కూర్చునేది. ఆమె కోసమని స్టీరింగ్ ముందు అద్దం దగ్గర ఒక నిమ్మకాయ పెట్టి ఉంచేవాణ్ని. దాన్ని వాసన చూసుకుంటూ దారంతా మాట్లాడేది. అత్త కూరలో వేసే ఉప్పు దగ్గర మొదలుపెట్టి, చనిపోయిన అక్క దాకా అన్నీ చెప్పింది. అక్క కాన్పులోనే పోయిందట. బిడ్డ కాళ్లు ముందు వచ్చాయట. ఆటో దొరికి దవాఖాన చేరేసరికి ఆలస్యమైందట.

"అమ్మకు చెప్పలే, ఆయనకు చెప్పలే. నాకు గూడ గట్లనే అయితదేమో అని భయమైతుందన్నా."

"ఎందుకైతది? నన్ను చూడు, నేను ఎదురుకాళ్లోణ్నే."

కాళ్లు ముందుగా పుట్టినవాణ్ని మా దిక్కు అలా పిలుస్తారు. అలాంటివాడు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని నమ్మకం. ఖేడ్‌లో నడుం పట్టినవాళ్లు ఇప్పటికీ నా ఇంటికి వచ్చి బోర్లా పడుకుంటారు.

"నేను మంచిగనే ఉన్న, మా అమ్మ గూడ మంచిగనే ఉండె" అన్నాను.

"అందుకేనా అన్నా, బండి ముందుకన్న ఎనుకకే సక్కగ తోల్తవు" అని నవ్వింది.

ఆ భయాన్ని మొదట విన్నవాణ్ని నేను. ఆ నవ్వు తెప్పించినవాణ్ని నేను.

ఆ దినాల్లోనే మా దవాఖానకు సునంద అనే కొత్త మిడ్‌వైఫ్ వచ్చింది. మిడ్‌వైఫ్ అంటే కాన్పుల పనిలో విడిగా శిక్షణ తీసుకున్న నర్సు. చిన్న వయసు, మెత్తటి గొంతు. వచ్చిన కొద్ది రోజులకే ఆడవాళ్లంతా సునంద సిస్టర్ ఉందా అని అడిగి గానీ బండి దిగేవాళ్లు కాదు. బండి ఎవరిదని ఎవరూ అడగరు.

ఒక చెకప్ రోజు పొద్దున, ఎప్పటిలాగే పికప్‌కు బయలుదేరే ముందు లలితకు ఫోన్ చేశాను. ఆమెకు తొమ్మిదో నెల పడింది.

"ఈసారి రాకన్నా" అంది. గొంతు తేలికగా ఉంది. "నిన్న బీదర్ల స్కాన్ తీయించిండు మా ఆయన. తల మేలే అన్నదట డాక్టరమ్మ ఆయనతోని. ఇగ ఏం భయం లేదు. సాయంత్రం అమ్మగారింటికి పోతున్న."

అమ్మగారిల్లు కల్హేర్ అవతల, బస్సు లేని చోట, పొలాల మధ్య. అయినా తల మేలే అన్నాక ఏముంది, నేనూ సంతోషపడ్డాను. తర్వాతి ఊరికి బండి తిప్పాను.

మనూర్ దాటాక ఒక ట్రాలీ మీద పత్తి మూటలు ఎక్కిస్తున్నారు. పైన నిలబడ్డవాడు "మీదికెయ్, మీదికెయ్" అని అరుస్తున్నాడు. దారి ఇచ్చేదాకా ఆగాను. మైసూరు మండీలో నా లారీ మీద బస్తాలు వేసే హమాలీలు గుర్తొచ్చారు. వాళ్లూ ఇలాగే అరిచేవాళ్లు. మేలె హాకు, మేలె హాకు అని. కన్నడంలో పైన వెయ్యి అని దాని అర్థం.

తల మేలే. తలె మేలె.

ట్రాలీవాడు దారి ఇచ్చాడు. నేను ముందుకు పోలేదు. బండి వెనక్కి తిప్పి లలిత ఊరికి పోనిచ్చాను.

వాళ్ల ఇంటి ముందు హారన్ కొడితే అశోక్ బయటికి వచ్చాడు. చేతిలో సంచి, అత్తగారింటికి తయారవుతున్నాడు.

"రాదని చెప్పింది గదన్నా."

"చెప్పింది. డాక్టరమ్మ ఏమన్నది? ఆమె నోట్లకెల్లి వచ్చిన మాట చెప్పు."

"తల మేలే అన్నది."

"తలనా, తలెనా?"

"ఏందన్నా, బడిల పంతులు లెక్క అడుగుతున్నవు. తలె మేలె ఇదె, అన్నది. రెండుసార్లు అన్నది. ఆమెకు తెలుగు సక్కగ రాదు, పాపం మనకోసమని తెలుగు మాట్లాడింది."

"అది తెలుగు గాదు, కన్నడం. తలె అంటే తల, మేలె అంటే పైన."

అశోక్‌కు కోపం వచ్చింది. "నాకు కన్నడం రాదంటవా? బీదర్ల ఇన్నేండ్లకెల్లి మాల్ అమ్ముతున్న. పైన అంటే మ్యాల. మ్యాల అంటరు, మేలె అనరు."

"బీదరోళ్లు మ్యాల అంటరు. మైసూరోళ్లు మేలె అంటరు. డాక్టరమ్మది ఏ ఊరు?"

అతను సంచి కింద పెట్టాడు. "గా దిక్కుదే అని స్కాన్ కాడ ఎవరో అంటుండె" అన్నాడు మెల్లగా. స్కాన్ కాగితం ఏదని అడిగితే, ఇంగ్లీషులో ఉంది కదా, డాక్టరమ్మే నోటితో చెప్పాక చదివేదేముందని సంచి అడుగున పెట్టేశానన్నాడు.

లలిత గడపలో నిలబడి అంతా విన్నది. ఆమె భర్తను అడగలేదు. నన్నే అడిగింది.

"తల పైనుంటే కింద ఏమున్నట్టన్నా?"

"కాగితం పట్టుకొని బండెక్కు" అన్నాను. ఎక్కింది. ముందు సీట్లోనే కూర్చుంది. దారంతా నిమ్మకాయను వాసన చూడలేదు, పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నేను మామూలు కంటే మెల్లగా తోలాను. గుంతలన్నీ తప్పించాను.

దవాఖాన గుమ్మంలో సునందకు నేనే చెప్పాను. "సిస్టర్, తల పైనున్నది. వీళ్లు వేరే తీరుగ సమజ్ చేసుకున్నరు" అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "సరే, చూస్త. నువ్వు బయటుండన్నా" అంది. నేను బయటే ఉన్నాను. మగవాణ్ని, లోపల నాకేం పని. కానీ తెర గుడ్డదే కదా, మాట వినబడుతుంది.

ఆమె పొట్ట మీద చేతులు పెట్టి, కాగితం చూసి, బ్రీచ్ అని చెప్పింది. బిడ్డ పిరుదులో కాళ్లో కిందికి, తల పైకి ఉండటాన్ని బ్రీచ్ అంటారు. లలిత ఏడుపు మొదలుపెట్టింది. అక్క సంగతి మొత్తం చెప్పింది. నాకు నెలల పాటు కొంచెం కొంచెంగా చెప్పుకున్నదంతా ఆమెకు ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఇంకా టైమున్నది" అంది సునంద. "చానా మంది పిల్లలు వాళ్లంతట వాళ్లే తిరుగుతరు. తిరగకుంటే సంగారెడ్డిల పెద్ద డాక్టరమ్మ పొట్ట మీదికెల్లి చేతులతోని తిప్పి చూస్తది. అదీ గాకుంటే ఆపరేషన్. మీ అక్క లెక్క మనం తొవ్వల లేము, దవాఖానల ఉన్నం. యాడికి పోయినా నేను నీ ఎంబడి వస్త."

ఏడుపు ఆగింది. నేను ఎన్ని ట్రిప్పుల్లో ఎన్ని మాటలు చెప్పాను. నీ ఎంబడి వస్త అన్న మాట మాత్రం నా నోటికి రాలేదు. నేను రోజూ వస్తూనే ఉన్నాను కదా, అందుకని రాలేదు. సునందకు పని తెలియదని నేను ఎక్కడా అనలేదు. ఆమెకు పని బాగా తెలుసు. నాకు మండింది అక్కడే.

లలిత అమ్మగారింటికి పోలేదు. మా దవాఖానకు దగ్గరగా, ఖేడ్ పక్క ఊళ్లోనే చుట్టాలింట్లో ఉంది. తర్వాతి చెకప్‌కు ఆమెను తేవడానికి నేను పోయినప్పుడు, ఇచ్చిన మాట ప్రకారం సునంద కూడా బండిలో వచ్చింది. లలిత ముందు తలుపు దాకా వచ్చి, లోపల సిస్టర్‌ను చూసి, వెనక ఎక్కింది.

"ఎనుక కూసుంటే తిప్పుతది గద" అన్నాను.

"సిస్టర్ ఉన్నది గదన్నా" అంది.

కొంత దూరం పోయాక వెనక నుంచి చెయ్యి వచ్చింది. నిమ్మకాయ ఇమ్మని. ఇచ్చాను. నేను కొన్న నిమ్మకాయను సునంద ఆమె ముక్కు దగ్గర పట్టుకుని కూర్చోవడం అద్దంలో కనిపించింది. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. రోడ్డు చప్పుడులో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

బిడ్డ తనంతట తాను తిరగలేదు. సంగారెడ్డికి తీసుకుపోయింది నేనే. బయటి నుంచి చేతులతో బిడ్డను తిప్పే పద్ధతిని ఇ.సి.వి. అంటారు. అందరికీ కుదరదు, కుదిరినా అందరు బిడ్డలూ తిరగరు. అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగలిగిన చోట, దాంట్లో చేయి తిరిగిన డాక్టరే చేయాలి. సునంద లోపలికి పోయింది. నేను, అశోక్ బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. అతను నేలమీద పుల్లతో గీతలు గీస్తూ, మధ్యలో ఒకసారి "మ్యాలనే అంటరన్నా మా దిక్కు" అన్నాడు. "అవును, మ్యాలనే అంటరు" అన్నాను. కొట్లాడే సమయం కాదు.

సునంద బయటికి వచ్చి, రెండు చేతులూ గాలిలో మెల్లగా తిప్పి చూపించింది. బిడ్డ తిరిగింది. గుండె కూడా మంచిగా కొట్టుకుంటోంది. అశోక్ వెంటనే ఇంటికి ఫోన్ చేసి, "సిస్టర్ తిప్పిందమ్మా, సిస్టర్ తిప్పింది" అన్నాడు. తిప్పిన డాక్టరమ్మ పేరు కూడా ఎత్తలేదు. ఆమెకు పట్టింపు ఉందో లేదో నాకు తెలియదు.

తర్వాత నొప్పులు వచ్చినప్పుడు తీసుకొచ్చింది నేనే. మామూలు కాన్పు, తల ముందు వచ్చింది, ఆడపిల్ల. తల్లీబిడ్డలను ఊళ్లో దింపిందీ నేనే. దిగేటప్పుడు లలిత "పోయొస్తన్నా" అంది. అంతే.

పిల్లకు సునంద అని పేరు పెట్టారు. వాళ్ల చర్చిలో కృతజ్ఞతల ప్రార్థన చేసి, ఊరంతటికీ భోజనాలు పెట్టారు. నాకు ఈ సంగతి సునంద ఫోన్‌లో ఫోటో చూపిస్తే తెలిసింది. ఫోటోలో లలిత ఆమె చేతిని తన కళ్లకు అద్దుకుంటోంది.

"నువ్వు రాలేదేందన్నా?" అని అడిగింది సునంద.

"పిలిస్తే గద వచ్చేది."

"అందర్నీ పిలిచిండ్రు గద" అని, ఫోటో ఇంకొకరికి చూపించడానికి పోయింది.

దవాఖాన మీటింగ్‌లో ఆమె ఈ కేసు గురించి చెప్పింది. బాగా చెప్పింది. "కుటుంబం సరైన టైముకు తీసుకొచ్చింది కాబట్టి వీలైంది" అంది. కుటుంబం తీసుకొచ్చిందట. నేను తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తాను. మా ఆఫీసర్ చూసి, "వీరేశం, నీ డీజిల్ సంగతి తర్వాత మాట్లాడుదం" అన్నాడు. నేను ఎత్తింది డీజిల్ కోసం కాదు. అది చెప్పే లోపలే చాయ్ వచ్చింది, అందరూ లేచారు.

ఆ వారమే అశోక్ ఖేడ్ బజారులో కనిపిస్తే నిలదీశాను. అటూ ఇటూ చూసి, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గా మాట ఎవరికీ చెప్పకన్నా. వీనికి మేలెకు మేలుకు తేడా తెల్వదంటే బీదర్ల నా పరువేముంటది? ఇంట్ల గూడ చెప్పలే. సిస్టర్ పిలిస్తే పోయినమని చెప్పిన."

సిస్టర్ పిలిచిందట. తన మార్కెట్ కన్నడం నిలబెట్టుకోవడానికి ఆ పొద్దున నేను కొట్టిన హారన్‌నే లేకుండా చేశాడు.

ఈ కేసు నాకొకటి నేర్పింది. అది నిజమే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నా బండి ఎక్కే ఏ ఆడమనిషినైనా డాక్టర్ ఏం చెప్పిందని అడగను. డాక్టర్ నోట్లోంచి వచ్చిన మాటేమిటో, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పమంటాను. ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే నోట్లో తిరుగుతాయి. ఒక భాషలో కుదురుకున్న తల ఇంకో భాషలో పైకి పోతుంది. కాగితం చేతిలో ఉన్నా సరే, నా ముందే సిస్టర్‌కు ఇచ్చేదాకా కదలను. సునంద కూడా ఇప్పుడు అలాగే అడుగుతోంది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పదు.

లలితకు మళ్లీ నెలలు. పోయిన వారం పికప్‌కు పోయాను. పెద్దపిల్లను చంకనేసుకుని వచ్చి, "సునందా, మామకు దండం పెట్టు" అంది. పిల్ల పెట్టింది. తల్లి వెనక తలుపు తీసుకుని ఎక్కింది. ఆ రోజు బండిలో సిస్టర్ లేదు.

అశోక్‌ను నేనిక అడగను. సునందనూ అడగను, ఆ పొద్దున ఆమె అక్కడ లేదు. లలితా, నువ్వు గడపలో నిలబడి ఉన్నావు. తల పైనుంటే కింద ఏమున్నట్టని నువ్వు అడిగింది మీ ఆయనను కాదు, సిస్టర్‌ను కాదు. ఎవరిని అడిగావో నీకు తెలుసు. పిల్ల పేరు మార్చమనడం లేదు, నన్ను భోజనానికి పిలవమనడం లేదు. వచ్చే చెకప్‌కు నిమ్మకాయ ముందు సీటు దగ్గరే ఉంటుంది. ఆ రోజు మీ ఇంటి ముందుకు ఎవరు వచ్చారో, పిల్ల వినేటట్టు, నీ నోటితో చెప్పు.