ఆఫీసుకేనా?

నేరేడ్‌మెట్‌లో బస్సెక్కి కూర్చున్నాను. పక్కసీట్లో ఆయన మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది. ఏ కంపెనీ అని అడిగాను.

"ఆ నౌకరీ పోయి చాన్నాళ్లయింది సార్. అమ్మకు చెప్పలే, పరేషాన్ అయితది. అందుకే రోజు ఇది ఏస్కొని, గల్లీల అడిగినోళ్లకు ఆఫీసుకే అని చెప్పి బయల్దేర్తా."

విడాకులప్పుడు కోర్టు పాప ఖర్చులకు నెలనెలా ఇంత కట్టమందట. జీతం లేదు కాబట్టి తగ్గించమని ఇప్పుడు పిటిషన్ వేశాడు.

"ఇయ్యాల్నే వాయిదా. నౌకరీ లేదంటే జడ్జి సాబ్ నమ్మాలె గదా."

సికింద్రాబాద్‌లో దిగగానే, మా వెనకే దిగిన ఒకతను ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఏం బావా, ఆఫీసుకేనా?"

"ఆ, ఆఫీసుకే," అన్నాడాయన, రోజూ గల్లీలో అందరికీ చెప్పినట్టే.

అతను నవ్వాడు. అతని చొక్కా జేబులో ఫోను నిటారుగా నిలబెట్టి ఉంది. కెమెరా మా వైపే ఉంది.

"ఎవరు?" అన్నాను, అతను వెళ్లిపోయాక.

"మా పాప మేనమామ," అంటూనే ఆయన చెయ్యి మెడలోని కార్డు మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా ఆఫీసుకేనా అని పలకరిస్తే, జవాబు చెప్పేముందు నా చూపు వాళ్ల చొక్కా జేబు మీదికి పోతుంది.