ముసుగు వీరుడూ మూడు బిందెలూ

ఆ రోజుల్లో లోకంలో అన్యాయమంతా పోవాలంటే ఒక్కడు ముసుగు వేసుకుంటే చాలని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. చట్టం, పంచాయతీ, అర్జీ ఇవన్నీ చేతకానివాళ్ల పనులు. విజయనగరం హాస్టల్లో ఇంటర్ చదువుతూ, డబ్బింగు సూపర్ హీరో సినిమా ఒక్కటీ వదలకుండా చూసి సంపాదించిన జ్ఞానం అది. (ఫిజిక్స్‌లో ఏం సంపాదించానో అడక్కండి.)

సెలవులకి శ్రీకాకుళం దగ్గర మా ఊరు వచ్చిన మర్నాడే అన్యాయం కంటపడింది. మా వీధికి ఒకటే కొళాయి, నీళ్లు పొద్దున్న అరగంట. ముందు బిందె పెట్టినవాళ్లది ముందు వంతు. అలాంటిది, అందరికంటే ఆఖర్న వచ్చిన ప్రెసిడెంటత్త (మాజీ సర్పంచి గారి భార్య) తన మూడు బిందెలూ దర్జాగా ముందు పెట్టేసి వెళ్లిపోయింది. ఒక్కరూ నోరెత్తలేదు! ఆ మర్నాడు నాన్న ఎర్రంచు పొందూరు ఖద్దరు కండువా ముఖానికి చుట్టుకుని, గోడ దూకి (గేటు తీసే ఉంది, అయినా దూకాను), ఆవిడ అటు తిరగ్గానే బిందెల్ని గడ్డివాము వెనక దాచేశాను. నీళ్లొచ్చాయి. వీధి వీధంతా కొళాయి వదిలేసి బిందెలు వెతకడంలో పడింది. దొరికేసరికి నీళ్లు ఆగిపోయాయి.

ప్రెసిడెంటత్త నేరుగా మా ఇంటికే వచ్చింది. ఆ ఎర్రంచు కండువా ఊళ్లో మా నాన్నకి తప్ప ఎవరికీ లేదు మరి.

"ఏటల్లుడా, ఏటీ పని?"

"అందరికీ ఒకటే న్యాయం ఉండాలత్తా!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"ఆ నీళ్లు నాకేట్రా? ఎదురింటి సిన్నక్క పురుడోసుకుంది గదా! పురిటింటికని ఏరే తీసిన బిందెలవి. వారానికో ఇంటోలం ముందెట్టి పడతాం. అవి నిండకుండా ఇంకోలు పట్టరు. ఇప్పుడు పసిగుంటకి నీళ్లెలా పోస్తాదిరా?"

నా ఛాతీ యథాస్థానానికి వచ్చింది. అమ్మ మెల్లగా అడిగింది. "ఎవుల్నయినా ఒక్క మాట అడిగినావేట్రా? ముసుగేసుకున్నోడు తప్పు సేస్తే ఎవుల్ని నిలదీస్తాం?"

నేను చూసిన ఏ సినిమాలోనూ హీరో ఎవర్నీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎండలో చేలో బోరు నుంచి మూడు బిందెలూ మోశాను. "ముసుగేదిరా నాయినా?" అంటూ వీధంతా నవ్వింది. నీళ్లు పోశాక చిన్నక్క పాపని నా చేతుల్లో పెట్టింది. "సెలవులన్నాళ్లూ నీళ్లు తెస్తావు కదూ, ఈరుడా?" అంది. తెచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయితో అలాంటి సినిమాలకే వెళ్తుంటాను. హీరో ఎగిరొచ్చి వీధిని నేలమట్టం చేస్తే అది చప్పట్లు కొడుతుంది. నేను మాత్రం ఆ వీధిలో ఏ పసిబిడ్డ స్నానం ఆగిపోయిందో అనుకుంటాను. అన్యాయం కనబడితే ఇప్పుడు గోడలు దూకను, ముందు నలుగుర్నీ అడుగుతాను. అడగడం పూర్తయ్యేసరికి చాలాసార్లు నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు ఆ ఎర్రంచు కండువా కుర్రాడు గుర్తొచ్చి, వాడి మీద కాస్త బెంగపుడుతుంది.