వాక్యం చివరి ‘లే’

మా అక్క లక్సెట్టిపేటలో బట్టలు కుట్టేది. చేతులెప్పుడూ మిషను మీదే ఉండేవి కాబట్టి మెసేజీలు వేళ్లతో రాసేది కాదు, నోటితో చెబితే ఫోనే రాసుకునేది. నేనుండేది కరీంనగర్‌లో. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు అక్క ఇంట్లో ఉండొచ్చు. అయినా నెలలకు నెలలు వెళ్లేదాన్ని కాదు.

కోడింగ్ నేర్చుకునే రోజుల్లో మా సారు ఒక పని చెప్పాడు. మన ఫోన్లోని మెసేజీలను ఒక ఫైల్లోకి తీసుకుని, అక్కర్లేని ముక్కలన్నీ తీసేసే ప్రోగ్రాం రాయాలి. నేను అక్క మాటలూ నా జవాబులూ తీసుకున్నాను. తేదీలు పోయాయి, ముందూ వెనకా ఉన్న ఖాళీలు పోయాయి, పువ్వుల బొమ్మలు పోయాయి. ఇంకేం పీకాలా అని చూస్తే అక్క ప్రతి మాటకూ ఒక తోక. సరేలే, చూద్దాంలే, గట్లనేలే. వాక్యం చివర ‘లే’ కనిపిస్తే కొట్టెయ్యమని ఒక్క వరుస రాశాను. సారు శభాష్ అన్నాడు. నాకు కొమ్ములు మొలిచాయి.

ఆ ఆదివారమే అక్కకు ఫోన్ చేసి గొప్పలు పోయాను.

“నీ మాటలల్ల పనికిరానియన్ని కత్తిరించిన అక్కా.”

“మంచిగనే ఉంది. పాతయి దాచుకున్నవా మల్ల?”

“అవెందుకు?”

“బట్టలు కుట్టేటోళ్లను అడుగు పోరీ. లోపల రెండు వేళ్ల గుడ్డ ఇడువకుండ కోస్తె, రేపు బిగుతైతె మల్ల కుట్లిప్పి లాభం లేదు.”

నాకు బుద్ధులు చెబితే మహా చిరాకు. పని ఉందని ఫోన్ పెట్టేశాను.

పోయిన ఎండాకాలం అక్క చనిపోయింది. షుగరు. నా పాత ఫోన్ అంతకుముందే బస్సులో పోయింది. అక్క ఫోన్లో ఉన్నవన్నీ బావ తుడిచేసి ఎవరికో ఇచ్చేశాడు. నాకు మిగిలింది ఆ కత్తిరించిన ఫైలు ఒక్కటే.

దినాలు అయ్యాక వచ్చి దాన్ని తెరిచాను. “జాకిట్ అయింది. నువ్వు రా.” కొంచెం కిందికి, “పొద్దుందాక చూసిన. నువ్వు రా.” మళ్లీ, “గీ ఆదివారం సుత నువ్వు రా.” మా అక్క నోరు తెరిచి రమ్మని అడిగే మనిషి కాదు. అలాంటిది ఇన్నిసార్లు పిలిచిందా? ఏడుస్తూనే పొంగిపోయాను.

ఇంకా కింద, “రెండు రోజులాయె, మందులు ఏసుకో” అని ఉంది. నాకేం రోగం? నేనెప్పుడు మందులు వేసుకున్నానని? దాని కిందే, “రాత్రంత నిద్ర పట్ట.” అక్కడ ఆగిపోయాను. పట్టలే. ఏసుకోలే. మా దిక్కు ‘లేదు’ అనాలన్నా ‘లే’ అంటే చాలు. పుట్టిన దగ్గర్నుంచి అదే మాట్లాడుతూ, దాన్ని ఊతపదం అనుకుని కోసేశాను. అక్క నన్ను రమ్మనలేదు. నువ్వు రాలే అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ‘లే’ను తిరిగి తగిలించే ప్రోగ్రాం రాయబోయాను. కానీ ఏ ‘రా’ వెనక ‘లే’ ఉండేదో ఎవరు చెప్తారు? ఒక్కసారైనా నిజంగానే పిలిచి ఉండదా? ఆ ఒక్కటి ఏదో తెలిస్తే చాలనిపించింది. ఎంత చూసినా తెలియలేదు.

ప్రతి ‘రా’ కిందా నా జవాబు ఉంది. “వస్త.” నేను పంపింది “వస్తలే” అని. వస్తాను, తొందరెందుకు అని నా ఉద్దేశం. మా దిక్కు అదే మాటను రావట్లేదని కూడా చదువుకోవచ్చు. అక్క ఎట్లా చదువుకుందో ఇక అడగలేను.

అక్క నాకని కుట్టి పెట్టిన ఆ జాకెట్‌ను మొన్న బావ పంపించాడు. పాత కొలతలతో కుట్టింది కదా, బిగుతైంది. తిరగేసి చూస్తే, లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి ఉంది.

కుట్లు విప్పి వేసుకున్నాను. అది వేసుకునే ఫైలు తెరిచి, అడుగున ఒక వాక్యం రాశాను. దాని మీద ఏ ప్రోగ్రామూ నడపలేదు.

అక్కా, నేను రాలే.